నాన్నకు నేర్పిన జవాబులు

మా నాన్నకు మాట పోయిన రోజున ఆ గదిలో ఉన్న ముప్పై మందీ చప్పట్లు కొట్టారు.

2023 జూన్ నెల, ఒక ఆదివారం పొద్దున. షార్జాలో జోషువా అంకుల్ ఫ్లాట్లో ఉపవాస ప్రార్థన జరుగుతోంది. కర్టెన్లు దించేశారు. కీబోర్డు సౌండు పక్కింటికి వినపడనంత తగ్గించారు. హాల్లో చాపల మీద అందరూ మోకరించి ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఉపవాసం విడిచాక పంచడానికి ఖర్జూరాలు పళ్ళెంలో సర్దుతున్నాను.

నాన్న పేరు ఏలీయా. మాది రాజోలు దగ్గర పల్లె. జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీ యార్డులో సిగ్నల్‌మన్‌గా చేసేవాడు. క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేత్తో సైగలు చేస్తూ, వాకీటాకీలో అతను చెప్పేది వింటూ బరువులు దింపించడం ఆయన పని. మా ప్రార్థన గుంపులో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అన్యభాషల వరం వచ్చింది. పరిశుద్ధాత్మ దిగితే మనిషి తనకే తెలియని భాషలో దేవుడితో మాట్లాడతాడని మా వాళ్ళ నమ్మకం. నాన్నకి మాత్రం ఏళ్ళు గడిచినా ఆ వరం రాలేదు.

గుంపుకి పెద్ద జోషువా అంకులే. ఆయన వేళాకోళం ఎప్పుడూ ఒకటే. "ఏలీయా అని పేరు పెట్టుకున్నావు. బైబిల్లో ఏలీయా పిలిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది. నువ్వు పిలిస్తే లిఫ్టు కూడా దిగట్లేదేంటయ్యా!"

నాన్న నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.

ఆ రోజు పాట ఆగిన మరుక్షణం నాన్న గొంతెత్తాడు. "తరిమెల కొందిరి సాగుమన్నె లోదరా, బెల్లి పొందురు కాసె నిమ్మరి..." అంటూ ఆగకుండా, తడబడకుండా వాక్యం వెనక వాక్యం చెప్పుకుపోయాడు. ఒక్క మాటకీ అర్థం లేదు.

"హల్లెలూయా!" అని జోషువా అంకుల్ కేక వేశాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

నాన్న కళ్ళు తెరిచాడు. చూపుతో గదంతా వెతికి నన్ను పట్టుకున్నాడు. నా వంకే చూస్తూ ఏదో అడిగి, జవాబు కోసం ఆగాడు. నేను పలక్కపోయేసరికి మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త విసుగ్గా, ఇంట్లో కళ్ళజోడు కనపడనప్పుడు అడిగినట్టు.

దేవుడితో మాట్లాడేవాడు కూతురి జవాబు కోసం ఎందుకు ఆగుతాడు? పళ్ళెం కింద పెట్టేశాను.

నేను షార్జాలోనే ఒక రెండేళ్ళ కాలేజీలో చదువుతున్నాను. మాటా వినికిడీ దెబ్బతిన్నవాళ్ళకి వైద్యం చేసే చదువది. ఇక్కడ రెండేళ్ళు గట్టెక్కితే, ఆ క్రెడిట్లు పట్టుకుని యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ మూడో ఏడాదిలో చేరొచ్చు. నాకు సీటు వచ్చేసింది. సెప్టెంబర్లో చేరాలి. చేరకపోతే క్రెడిట్లు చెల్లవు, మళ్ళీ ఒకటో ఏడాది నుంచి మొదలుపెట్టుకోవాలి. నా వీసా ఉన్నది నాన్న పేరు మీద. ఫీజు వెళ్ళేది నాన్న జీతంలోంచి.

అంతకు ముందు నెలలోనే మాకు ఒక పాఠం చెప్పారు. మెదడులో ఎడమ చెవికి వెనకగా ఉండే భాగానికి రక్తం అందకపోతే కాలూ చెయ్యీ పడిపోకపోవచ్చు, మూతీ వంకర పోకపోవచ్చు. మాట ధారగానే వస్తుంది. అందులోంచి అర్థం ఒక్కటే పోతుంది. ఎదుటివాళ్ళు చెప్పేదీ తలకెక్కదు. తను మాట్లాడుతున్నది మాట కాదని ఆ మనిషికి తెలియదు.

జనాన్ని తోసుకుని ముందుకి వెళ్ళాను. "అంకుల్, ఇది స్ట్రోకు. హాస్పిటల్‌కి తీసుకెళ్దాం."

"ఫేబమ్మా, ఆత్మను ఆర్పకూడదమ్మా."

"నేనేమంటున్నానో ఆయనకి అర్థం కావట్లేదంకుల్!"

"పరలోకంలో ఉన్నవాడికి మన మాటలెందుకు అర్థమవుతాయి తల్లీ?" జోషువా అంకుల్ కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి. ఆ మనిషి నటించట్లేదు. నాకు భయం వేసింది అందుకే.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ రేచెల్ ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలో ఉంది.

"మూతి వంకర పోయిందా?" వెంటనే అడిగింది.

"లేదు."

"చేతులు రెండూ ఎత్తమను."

"నాన్నా, చేతులెత్తు." నాన్న నవ్వాడు. నేను ఎత్తి చూపించాను. నన్ను చూసి తనూ ఎత్తాడు. రెండూ సమంగా లేచాయి. ఆయన్ని చూసి గదిలో అందరూ చేతులెత్తారు.

"సమంగానే లేచాయమ్మా. కానీ మాటలు..."

"వెనకాల ఏంటే ఆ సందడి?"

"నాన్నకి వరం వచ్చిందనుకుంటున్నారు. అది కాదమ్మా..."

ఇరవై ఏళ్ళ అనుభవమున్న నర్సు మాట్లాడవలసిన చోట మా అమ్మ ఏడుపు వినపడింది. "ఫోన్ జోషువా గారికివ్వు," అంది.

నేను ఇవ్వలేదు. నాన్న చెయ్యి పట్టుకుని లిఫ్టులో కిందికి లాక్కుపోయాను. ఆ బిల్డింగులోనే ఒక చిన్న క్లినిక్ ఉంది. డాక్టర్ సెలవు. ఫిలిప్పీన్స్ నర్సు బీపీ చూసింది, షుగర్ చూసింది. తను నవ్వి చూపించి నాన్నని నవ్వించింది. నాన్న ఆమెతో ఎంతో మర్యాదగా, తల ఊపుతూ, చాలాసేపు మాట్లాడాడు.

"ఎంత చక్కగా మాట్లాడుతున్నాడు! నీరసం అంతే. జ్యూస్ ఇవ్వండి," అందామె ఇంగ్లీషులో.

ఆమెకి అది తెలుగు. మేడ మీద ఉన్న తెలుగువాళ్ళకి అది దేవుడి భాష. ఆ బిల్డింగు మొత్తంలో అది రోగంగా వినపడింది నా ఒక్కదానికే. నేను ఇంకా రెండో ఏడాది దాటని పిల్లని.

లాబీలో టాక్సీ ఎక్కించబోతే నాన్న ఎక్కలేదు. నన్ను విదిలించుకుని, పైన తనని పిలుస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆ గదిలో ఆయనకి ముందు వరసలో చోటు దొరికింది మరి. నర్సే నీరసమన్నాక అంబులెన్సు పిలిచే ధైర్యం నాకు చాలలేదు.

సాయంత్రం అమ్మ యూనిఫాంలోనే వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొహం వెలిగిపోతోంది. నాన్న ఎదురొచ్చి సంతోషంగా ఏదో చెప్పాడు.

"ఏవండీ, నా పేరు చెప్పండి," అంది అమ్మ నవ్వుతూ.

నాన్న ఏదో అన్నాడు.

"కాదు. నా పేరండీ."

నాన్న అదే నవ్వుతో ఇంకేదో అన్నాడు. అమ్మ మొహంలోంచి విశ్వాసురాలు వెళ్ళిపోయి నర్సు వచ్చింది. ఆయన కనురెప్ప పైకి లాగి చూసింది. "టాక్సీ పిలువే," అంది.

స్కాను చూసిన డాక్టర్ స్ట్రోకేనన్నాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళమన్నాడు. అమ్మ తల ఊపింది. ఆ మాట రోగుల బంధువులతో తనే ఎన్నిసార్లు అని ఉంటుందో.

జోషువా అంకుల్ తరవాత వారం పళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాన్న ఆయన చేతులు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. చివర్న అలవాటు కొద్దీ అంకుల్ "ఆమేన్" అన్నాడు. అని, నా వైపు చూసి తల దించుకున్నాడు. మళ్ళీ రాలేదు.

అమ్మ ఏడవడం కూడా ఆ వారంతోనే ఆపేసింది. జులై మొదట్లో నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని లెక్క తేల్చేసింది.

"కంపెనీకి స్ట్రోకు సంగతి తెలియదు. మీ నాన్నకి రెండేళ్ళ సెలవు పోగుపడి ఉంది. ఊరెళ్తున్నాడని చెప్పేశాను. ఆగస్టు ఆఖర్న డ్యూటీలో చేరాలి. చేరాడా, ఆయన వీసా ఉంటుంది, నీ సీటు ఉంటుంది. చేరలేదా, ఖలాస్. నా జీతం ఇంటద్దెకీ తిండికీ సరిపోతుంది, నీ డిగ్రీకి కాదు."

"ఎలా చేరతాడమ్మా? చెప్పింది అర్థం కాదు కదా."

"ఆయన పని చేతి సైగలేగా. నోటితో పనేముంది?"

"వాకీటాకీలో వినాలి."

"మరి రెండేళ్ళ నించి నువ్వు చదివిందేంటే? నేర్పు."

నేర్పాను.

సాయంత్రాలు ఏసీ కింద నాన్నని కూచోబెట్టి కప్పు చూపించి 'కప్పు' అనేదాన్ని. ఆయన 'సొంపు' అనేవాడు, 'కందిలి' అనేవాడు. నేను తప్పంటే నాకే ఏదో పొరపాటు జరిగిందన్నట్టు జాలిగా చూసేవాడు. ఒక వింత మాత్రం ఉంది. "పరలోకమందున్న మా తండ్రీ" అని నేను మొదలుపెడితే ఆ ప్రార్థన చివరిదాకా పొల్లు పోకుండా చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ నాలుక మీద అరిగిన మాటలు తలలో ఇంకో మూల ఉంటాయి. ఆ మూల చెడలేదు.

యార్డులో పదకొండేళ్ళుగా అరిగిన మాటలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిలోంచి మూడు జవాబులు ఏరాను. ఎదుటివాళ్ళు చెయ్యి చాపితే "సలాం సాబ్, సబ్ ఠీక్." తల పక్కకి వంచి ప్రశ్నగా చూస్తే "జీ సాబ్, హో జాయేగా," అంటే అయిపోతుంది సాబ్ అని. చిరాకు పడితే "ఖలాస్ సాబ్, కోయీ టెన్షన్ నహీ." మాట అర్థం కాకపోయినా నాన్న మొహాలూ చేతులూ ఇట్టే పట్టేస్తాడు. జీవితమంతా ఆ పని చేసినవాడే కదా. ఆగస్టు నడిమికి మా అమ్మ ముదీర్ వేషం కట్టి, అంటే మేనేజరులా కూచుని, ఏ రకంగా చూసినా నాన్న సరైన జవాబు ఇస్తున్నాడు. అమ్మ నన్ను గుండెకి హత్తుకుంది. చాలా ఏళ్ళ తరవాత.

ఆ సంతోషంలో కాలేజీకి వెళ్ళి రమీజ్ సార్‌కి చెప్పాను. కాలికట్ మనిషి. నా ట్రాన్స్‌ఫర్ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగింది ఆయనే. మొత్తం విని, టీ కప్పు పక్కకి జరిపాడు.

"జవాబులు నేర్పావు. బాగుంది. ప్రశ్నలు అర్థమవుతున్నాయా?"

"లేదు సార్."

"మరి నువ్వు చేసింది వైద్యమా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఫేబా, రోగి బాగున్నట్టు కనపడేలా చెయ్యడం తేలిక. ఆ తేడా తెలుసుకోవడానికే మూడో ఏడాది. ఆయన్ని క్రేను కింద నిలబెడతారా మళ్ళీ?"

"నాన్న చేరకపోతే నాకు మూడో ఏడాదే లేదు సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ మర్నాడు సాయంత్రం మా బిల్డింగు వెనక ఇసక పార్కింగులో మంగరాజు బాబాయ్ పికప్ వెనక్కి తీస్తున్నాడు. ఏసీలు రిపేరు చేసే మనిషి, తాళ్ళరేవు ఆయన. నేనూ అమ్మా నాన్నతో కింద నడుస్తున్నాం. నాన్న గబగబా వెళ్ళి పికప్ వెనక, ఓ పక్కగా నిలబడ్డాడు. చెయ్యెత్తి రమ్మని సైగ. ఎడమకి. కొంచెం కుడికి. ఎంత ముచ్చటగా చేస్తున్నాడో!

"చూశావా?" అంది అమ్మ నా భుజం తట్టి. "నే చెప్పలా?"

అప్పుడే పక్క సందులోంచి ఒక డెలివరీ మనిషి సైకిలు మీద వచ్చి, నాన్నకి ఇంకా వెనక, పికప్ వచ్చే దారిలోనే ఆగాడు. ఫోన్లో అడ్రసు చూసుకుంటున్నాడు. ఆ సందు నాన్నకి వీపు వైపు ఉంది.

"నాన్నా, ఆపు!" అని అరిచాను. "రుకో! ఆపు!"

నాన్న నా గొంతు విన్నాడు. నా వైపు తిరిగి నవ్వాడు. నవ్వుతూనే రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. మంగరాజు బాబాయ్ అద్దంలో ఆ చేతిని చూసి వెనక్కి వస్తున్నాడు.

సైకిలు మనిషి ఎగిరి పక్కకి దూకాడు. సైకిలు చక్రం నలిగిన చప్పుడుకి బండి ఆగింది.

"ఏంటన్నా, నువ్వు రమ్మంటేనే కదా వచ్చాను!" మంగరాజు బాబాయ్ దిగి తల పట్టుకున్నాడు. "పదకొండేళ్ళు క్రేన్లు తిప్పినోడివి, సైకిలు కనపళ్ళేదా?"

"జీ సాబ్, హో జాయేగా," అన్నాడు నాన్న.

సైకిలు మనిషి మోచెయ్యి దోక్కుపోయింది. అమ్మ తన చున్నీతో తుడిచి కట్టు కట్టింది. ఇంటికొచ్చాక, "ఎండకి కళ్ళు తిరిగి ఉంటాయి ఆయనకి," అంది.

"ఎండ ఎక్కడుందమ్మా? పొద్దు గుంకింది."

"ఎండే," అంది అమ్మ.

జాయినింగు రోజున కంపెనీ బస్సు డ్రైవరు ఇమామ్ హుస్సేన్ మా ముగ్గుర్నీ ఎక్కించుకున్నాడు. కడప మనిషి. నాన్నంటే ప్రాణం. నాన్నకి గొంతు ఇన్ఫెక్షన్ అనీ, డాక్టర్ ఎక్కువ మాట్లాడొద్దన్నాడనీ, అందుకే మేము తోడొస్తున్నామనీ అమ్మ చెప్పింది.

యార్డు మేనేజరు సనావుల్లా సాబ్. పెషావర్ ఆయన. తెల్ల గడ్డం. గదిలోకి వెళ్ళగానే లేచి చెయ్యి చాపాడు.

"అరే ఏలీయా భాయ్! కైసే హో?"

"సలాం సాబ్, సబ్ ఠీక్."

అమ్మ ఊపిరి వదలడం నాకు వినపడింది.

"ఊరంతా బాగుందా? వర్షాలు పడ్డాయా?" తల పక్కకి వంచి అడిగాడు.

"జీ సాబ్, హో జాయేగా."

సనావుల్లా సాబ్ చేతిలో పెన్ను ఆగింది. నాన్నని ఒక్క క్షణం చూశాడు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"బేటీ," అన్నాడు నాతో హిందీలో, "మీ నాన్న ఊరెళ్ళలేదని నాకు తెలుసు. కంపెనీ ఇచ్చే విమానం టికెట్టు తీసుకోలేదు. నేను ఎవరికీ చెప్పలేదు." కుర్చీలో కూర్చున్నాడు. "పదకొండేళ్ళు నా కింద చేశాడు. ఆయన చేతి కింద ఒక్క మనిషికి గీత పడలేదు. మనిషిని పంపడం నాకిష్టం లేదు. నువ్వు మాటల డాక్టరు చదువుతున్నావట కదా? ఈ యార్డులో ఆ సంగతి తెలియనివాడు లేడు, అంతగా చెప్పుకునేవాడు. నువ్వే చెప్పు. డ్రైవరు వాకీటాకీలో 'రుకో' అంటే ఈయనకి అర్థమవుతుందా? అవునను, సంతకం పెట్టేస్తాను. ఇంకెవర్నీ అడగను."

అమ్మ చెయ్యి నా మోచేతి మీదికి వచ్చింది. గట్టిగా నొక్కింది.

ఆయన వెనక కిటికీలో యార్డు కనపడుతోంది. క్రేనుకి ఇనప గొట్టాల కట్ట వేలాడుతోంది. దాని కింద ఇద్దరు మనుషులు చెరో తాడూ పట్టుకుని తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు. మొహాలు గుడ్డలతో కట్టేసుకున్నారు. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో నాకు తెలియదు.

"నహీ సాబ్," అన్నాను. "అర్థం కాదు."

అమ్మ చెయ్యి తీసేసింది.

సనావుల్లా సాబ్ పెన్ను మూత పెట్టాడు. కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుస్తూ ఉండిపోయాడు. నాన్న ఆయన మొహం వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ ఆయన వంక. ఏ జవాబు ఇవ్వాలో వెతుక్కుంటున్నాడు. అలాంటి మొహానికి నేను జవాబు నేర్పలేదు.

వరండాలోకి వచ్చాక అమ్మ ఒక్క మాట అంది. "నీ కోసమేగానే నేను చేసింది."

"తెలుసమ్మా."

మిగతాదంతా తొందరగా జరిగిపోయింది. కంపెనీ నాన్న లెక్క తేల్చి వీసా రద్దు చేసింది. నా సీటు వెయిటింగులో ఉన్న ఇంకో అమ్మాయికి వెళ్ళింది. అమ్మ షార్జాలోనే ఉండి డ్యూటీ చేసుకుంది. వీసాలు పోయి మేమిద్దరం రాజోలు వచ్చాక నాన్నతో నేను రోజూ కూచున్నాను, ఈసారి జవాబుల కోసం కాదు. కానీ ఆ వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది వీటిలో ఏదీ కాదు. ఆ రోజు తిరుగు ప్రయాణం.

బస్సులో అమ్మ ముందు సీట్లో ఒక్కతే కూచుంది. నాన్న తన మామూలు సీట్లో, డ్రైవరు వెనకాలే కూచున్నాడు. షిఫ్టు దిగిన మనుషులు ఎక్కుతూ ఆయన భుజం తట్టి వెళ్తున్నారు. ఆయన మొహం కళకళలాడుతోంది. పనిలోకి వచ్చి ఇంటికి వెళ్తున్నాననే అనుకుంటున్నాడు.

షార్జాలో మేం దిగేచోట ఇమామ్ హుస్సేన్ బస్సు ఆపి వెనక్కి తిరిగాడు. "ఏలీయన్నా, రేపు యాడ ఎక్కుతావు? ఈడికే రానా, సిగ్నల్ కాడికి రానా?"

నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ, చాలాసేపు వివరంగా చెప్పాడు.

ఇమామ్ హుస్సేన్ నా వంక చూశాడు. "ఏమంటాండాడమ్మా మీ నాయన?"

అమ్మ అప్పటికే దిగి, వెనక్కి చూడకుండా నడుస్తోంది. నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు, తను చెప్పింది నేను సరిగ్గా చెప్తానని.

"రేపటి నించి రానంటున్నాడన్నా," అన్నాను.

నాన్న తృప్తిగా తల ఊపి బస్సు దిగాడు.